బుగ్గ కోసినోళ్ళే బుగ్గ కట్టాలి

మన పేటల్లో నోటి క్యాన్సర్ కొత్త జబ్బేం కాదు. దవడ పుండు, రాచపుండు అని మన పెద్దోళ్ళు ఎప్పట్నుంచో అంటున్నదే ఇది. పేరులో రాచరికం ఉందిగానీ వచ్చేది రాజులకు కాదు. రాళ్ళు కొట్టేవాళ్ళకీ, బస్తాలు మోసేవాళ్ళకీ, నాట్లేసే ఆడోళ్ళకీ, మురిక్కాలవలు తీసేవాళ్ళకీ వస్తోంది. 2022 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే 1,43,000 మందికి పైగా పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా బయటపడింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. ఈ లెక్కలో ఆడా మగా గడి ఉంది, వయసు గడి ఉంది. కులం గడి లేదు. ఏ పెద్దాసుపత్రి క్యాన్సర్ వార్డులోనైనా ఒక్క పూట మంచం మంచం దగ్గరికీ వెళ్ళి ఊరూ పేటా అడిగి చూడండి. ఆ గడి ఎందుకు లేదో మీకే తెలుస్తుంది.

ఎందుకొస్తుందన్నది అందరూ చెప్తున్నదే కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగం. గుట్కా, ఖైనీ, జర్దా కిళ్ళీ, చుట్ట. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్ళు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ. ఉత్త వక్క నమిలినా క్యాన్సర్ వస్తుందని 2004లోనే శాస్త్రజ్ఞులు తేల్చారు. గుట్కాను ఉమ్మడి రాష్ట్రంలో 2013లో నిషేధించారు. అది వక్కపొడి ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లంగా విడిపోయి అదే బడ్డీకొట్లో వేలాడుతోంది. కాలవలోకి దిగేవాడు కంపు తట్టుకోలేక నముల్తాడు. పొద్దున్నే చద్దన్నం కూడా లేకుండా కలుపుకెళ్ళేది ఆకలి చచ్చేందుకు నముల్తుంది. 'మానండి' అని గోడ మీద రాయడం తేలిక. పొగాకు బోర్డు గుంటూరులో ఉంది, పెద్దాసుపత్రి క్యాన్సర్ వార్డూ గుంటూరులోనే ఉంది. అంతకంటే ఏం చెప్పమంటారు?

మేం చెప్పదల్చుకుంది కోత అయ్యాక సంగతి. ఉద్యమంలో భూమి గురించి మాట్లాడుతున్నాం, రిజర్వేషన్ల గురించి మాట్లాడుతున్నాం, దాడుల గురించి మాట్లాడుతున్నాం. మన ఒంటి గురించి మాట్లాడ్డం మాత్రం ఎప్పుడూ ఆఖరి పేజీకే పోతోంది. మేం బడిపంతుళ్ళం, డాక్టర్లం కాదు. మన పేటల వాళ్ళతో ఆసుపత్రుల చుట్టూ తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

బుగ్గ అంటే ఏంటి? నోటికి గోడ. లోపల పల్చటి చర్మం, మధ్యలో కండ, పైన మామూలు తోలు. పుండు లోపలే ఉంటే లోపలి పొర, కండ పోతాయి. పుండు తోలు దాకా వచ్చేస్తే బుగ్గ ఈవలి నుంచి ఆవలికి చిల్లు పడేటట్టు కోయాల్సిందే. పుండు చుట్టూ సెంటీమీటరు దాకా మంచి కండను కూడా కలిపి తీస్తారు, లేకపోతే మళ్ళీ వస్తుంది. ఒక్కోసారి దవడ ఎముక ముక్క కూడా పోతుంది. మెడలో గడ్డలూ తీస్తారు. ఇదంతా ప్రాణం నిలపడానికి చేసేదే, కాదనం. కానీ అంతటితో ఆగిపోతే ఏమవుతుంది? తాగిన గంజి పక్కనుంచి కారిపోతుంది. చొంగ ఆగదు, పొద్దస్తమానం భుజం మీద గుడ్డ తడుస్తూనే ఉంటుంది. మాట అర్థం కాదు. మేం బడిలో ప, ఫ, బ, భ, మ పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలని చెప్తాం. పెదవి మూల కోసేసిన మనిషికి 'అమ్మ' అనడం రాదు, 'బువ్వ' అనడం రాదు. పుట్టినప్పుడు మొదట నేర్చుకున్న మాటలే పోతాయి.

అందుకే కోసిన చోట కొత్త గోడ కట్టాలి. దీన్ని కొందరు అందం కోసం చేసే ఆపరేషన్ అనుకుంటున్నారు. మనవాళ్ళూ అనుకుంటున్నారు, కొన్ని ఆసుపత్రుల్లో పనిచేసే వాళ్ళూ అట్లాగే మాట్లాడుతున్నారు. "ముందు ప్రాణం దక్కించుకో, అందం సంగతి తర్వాత చూద్దాం" అని ఒక పారిశుధ్య పనివాళ్ళావిడతో అన్నారు. పూడ్చేందుకు డాక్టరు లేడని పక్క తోలు లాగి కుట్టి పంపారు. ఇవాళ ఆవిడ నోరు ఒక్క వేలు పట్టేంతే తెరుచుకుంటుంది. ముద్ద పోదు. కాంట్రాక్టరు పన్లోంచి తీసేశాడు. 'తర్వాత' అన్నది రాలేదు. రాదు కూడా. ఎందుకంటే ఒకసారి బిగుసుకుపోయి, ఆ మీదట కరెంటు పెట్టించుకున్న చోట మళ్ళీ విప్పి కట్టడం మొదటిసారి కట్టడం కంటే చాలా కష్టం. అన్నం తినడం అందం కిందికి ఎప్పట్నుంచి వచ్చిందో మాకు తెలీదు.

ఇప్పుడు అతుకు వెయ్యడం అంటే ఏమిటో చెప్తాం. మనలో చెప్పులు కుట్టినవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది, ఒక్క తేడా తప్ప. తోలుకి తోలు అతికితే దారం బలం చాలు. బతికున్న ఒంటికి అతుకు నిలవాలంటే దానికి నెత్తురు అందాలి. ఉత్త చర్మం పొర తీసి అంటించొచ్చుగానీ అది కింద మంచి కండ ఉన్నచోటే పడుతుంది. చిల్లు మీద పెడితే ఎండిపోతుంది. కాబట్టి తోలూ కండా తన రక్తనాళంతో సహా లేపి తెచ్చి కప్పాలి. డాక్టర్లు దాన్ని ఫ్లాప్ అంటారు.

ఈ విద్య ఎవరిది? సుశ్రుతుడిదని పుస్తకాల్లో రాస్తారు. ఆ సంహితలో ముక్కు కట్టడం, చెవి తమ్మె కట్టడం ఉన్నాయి, నిజమే. కానీ ఇంగ్లీషు డాక్టర్లు కళ్ళారా చూసి నేర్చుకున్నది ఎవరి చేతుల్లోంచి? 1792 మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలే కావస్జీ అనే కాపుదనపు మరాఠా టిప్పు సైన్యానికి చిక్కాడు. ముక్కూ, ఒక చెయ్యీ కోశారు. ఏడాది పాటు ముక్కు లేకుండా తిరిగాడు. పూనా దగ్గర ఇటుకలు చేసే కులం మనిషి ఒకాయన అతనికి ముక్కు కట్టాడు. మైనంతో ముక్కు ఆకారం చేసి, దాన్ని నుదుటి మీద పరిచి గీత గీసి, ఆ మేర తోలు లేపాడు. రెండు కళ్ళ మధ్య మాత్రం సన్నగా ఒక మెడ లాగా వదిలేశాడు. ఆ మెడలోంచే నెత్తురు పారుతుంది. తోలుని కిందికి తిప్పి అతికి, కాచు తడిపి రాసిన గుడ్డ పీలికలు కప్పాడు. మన కిళ్ళీల్లో వేసే కాచే. సుమారు ఇరవై ఐదు రోజులకి, అతుకు పట్టాక, ఆ మెడని కోసేశాడు. బొంబాయి వైపు పనిచేసే ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు అది చూశారు. 1794 అక్టోబరులో లండన్ పత్రికలో బొమ్మతో సహా వచ్చింది. అది చదివి కార్ప్యూ అనే లండన్ డాక్టరు 1814లో చేసి, 1816లో పుస్తకం వేసి పేరు తెచ్చుకున్నాడు. ఆ పత్రికలో ఎడ్లు తోలినవాడి పేరుంది. ముక్కు కట్టినవాడి పేరు లేదు, కులం మాత్రం ఉంది. మన దేశంలో కష్టజీవి చేతిపనికి ఇట్లాంటి గుర్తింపే దక్కుతుంది మరి.

ఆ ఇటుకల మనిషి వదిలిన మెడే ఇవాళ్టి ఆపరేషన్లకీ ఆధారం. 1963లో మెక్‌గ్రెగర్ అనే స్కాట్లాండ్ డాక్టరు నుదుటి తోలే తిప్పి నోటి లోపల పరిచాడు. 1965లో అమెరికాలో బకంజియాన్ భుజం, రొమ్ము పైభాగం తోలు వాడాడు. 1979లో ఆరియన్ అనే అమెరికా డాక్టరు రొమ్ము కండతో పద్ధతి చెప్పాడు. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా చేసేది ఇదే. రొమ్ము మీది పెద్ద కండని, దాని మీద బుగ్గకి సరిపడా తోలు ముక్కతో సహా లేపుతారు. గూడ ఎముక కింద నుంచి వచ్చే రక్తనాళాన్ని తెంచరు. కండని గూడ ఎముక మీదుగా, మెడ తోలు కింద సొరంగం చేసి నోటి దాకా లాక్కొస్తారు. లోపలికీ బయటికీ రెండు వైపులా గోడ కావాలంటే ముక్కని మడత పెడతారు. మైక్రోస్కోపు అక్కర్లేదు, తొందరగా అయిపోతుంది, గట్టిగా నిలుస్తుంది. మెడ ఒకవైపు ఉబ్బుగా ఉంటుంది. మగాళ్ళకి రొమ్ము వెంట్రుకలు నోట్లో మొలుస్తాయి. మాకు తెలిసిన హమాలీ ఒకాయన "మీసం బయట తీసేస్తే లోపల మొలిచింది పంతులుగారూ" అని నవ్వించాడు. కరెంటు పెట్టాక చాలామందికి అవి రాలిపోతాయి.

ఇంకో పద్ధతి ఉంది. ముంజేతి తోలుగానీ, తొడ తోలుగానీ రక్తనాళంతో సహా పూర్తిగా కోసి తీసేసి, నోటి దగ్గర పెట్టి, ఆ నాళాన్ని మెడలోని నాళాలకి మైక్రోస్కోపు కింద, వెంట్రుక కంటే సన్నదారంతో కుడతారు. ముంజేతి తోలు సంగతి 1981లో చైనా డాక్టర్లు లోకానికి చెప్పారు. పల్చగా మెత్తగా ఉంటుంది కాబట్టి నోటి లోపలికి బాగా అమరుతుంది. దవడ ఎముక పోతే పిక్క పక్కనుండే సన్న ఎముకని తెచ్చి దవడలాగా వంచి పెడతారు. ఇవి ఎనిమిది పది గంటలు పట్టే ఆపరేషన్లు. నేర్చిన డాక్టర్లు రెండు జట్లు కావాలి. మొదటి రెండు మూడు రోజులు గంట గంటకీ అతుకు రంగు చూడాలి. తెల్లబోతే నెత్తురు రావడం లేదని, నీలంగా మారితే వచ్చింది తిరిగి పోవడం లేదని అర్థం. వెంటనే మళ్ళీ బల్ల మీదికి తీసుకెళ్తే చాలాసార్లు నిలబెట్టొచ్చు. రాత్రి రెండింటికి ఆ మార్పు మొదట చూసేది చాలాసార్లు మంచం పక్కన కింద పడుకున్న పెళ్ళామో కొడుకో. అందుకని వాళ్ళకి ముందే చెప్పాలి. మెడ చుట్టూ గొట్టానికి కట్టే నాడా బిగుతుగా ఉన్నా అతుకుకి నెత్తురు ఆగుతుంది. ఈ మాట మాకు ఒక నర్సమ్మ చెప్పింది, డాక్టరు చెప్పలేదు.

అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి ఎక్కువగా అంగిట్లో వస్తుంది. అంగిలి కోస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. చాలామందికి దానికి ఫ్లాప్ కూడా అక్కర్లేదు, పళ్ళ డాక్టరు కట్టుడుపళ్ళ సెట్టు లాంటి మూత చేసిస్తే సరిపోతుంది. పళ్ళ డాక్టరుకి చెప్పేవాళ్ళు లేక ఆ మూత కూడా లేకుండా ఇంటికొచ్చినవాళ్ళున్నారు.

ముంజేతి పద్ధతి గొప్పది, రొమ్ము కండ పద్ధతి పేదలకి పారేసేది అని మేం అనడం లేదు. ఒకే బల్ల, ఒకే మత్తు డాక్టరు, బయట యాభై మంది వరసలో ఉన్నచోట రొమ్ము కండే ఎందరికో అన్నం తినిపించింది. మా గొడవ వేరే. ఏది చెయ్యాలన్నది పుండుని బట్టి, మనిషిని బట్టి తేలాలి, జేబుని బట్టి కాదు. ఇక మనిషిని బట్టి అంటే ఆ మనిషి ఏ పని చేసి బతుకుతున్నాడో అడగాలి కదా. అదే జరగడం లేదు.

ఇందాక చెప్పిన హమాలీ సంగతి చూడండి. మిర్చి బస్తాలు ఎత్తే మనిషి. కుడి బుగ్గ పోయింది. కుడి రొమ్ము కండ తీశారు. మెడలో గడ్డలు తీసేటప్పుడు భుజం ఎత్తే నరం కూడా దెబ్బతింది. ఇప్పుడు బుగ్గ ఉంది, మాట ఉంది, అన్నం తింటున్నాడు. చెయ్యి భుజం పైకి లేవదు. ఆసుపత్రి కాగితాల్లో ఆయన వయసుంది, బరువుంది, చుట్ట అలవాటుంది. వృత్తి అన్నచోట 'కూలి' అని రాశారు. కూలి అంటే ఏం కూలి? బస్తాలు మోసేదా, గోతులు తవ్వేదా, నాట్లేసేదా? ఆ ఒక్క ప్రశ్న అడిగుంటే తొడ తోలుతో చెయ్యడానికి వీలుందేమో చూసుండేవాళ్ళు. వీలు లేకపోతే కనీసం "అన్నా, నీ చెయ్యి బలహీనపడుతుంది, మూడో వారం నుంచి భుజం కసరత్తు మొదలుపెట్టు" అని చెప్పుండేవాళ్ళు. కుర్చీలో కూర్చుని పనిచేసేవాడికి రొమ్ము కండ పోతే చొక్కా కింద ఒక మచ్చ. హమాలీకి పోతే ఇంట్లో పొయ్యి ఆరుతుంది. ముంజేతి తోలైతే సాధారణంగా వాటంలేని చేతిదే తీస్తారు. ముందు మణికట్టు దగ్గర నొక్కి రెండో నాళం చేతిని పోషిస్తుందో లేదో చూస్తారు. కొడవలి ఏ చేత్తో పడతావని అడిగి తీరాలి. ఆ చేతికి సూదులూ సెలైన్లూ పెట్టనియ్యకూడదు. పిక్క పక్క ఎముక తీస్తారంటే రిక్షా తొక్కేవాడో, తాటిచెట్టెక్కేవాడో ఆ సంగతి ముందే చెప్పాలి.

మనవాళ్ళు ఇవన్నీ అడగరు. అడిగితే డాక్టరుగారికి కోపమొస్తుందని భయం. ఆ భయం మనకి ఎక్కడ్నుంచి వచ్చిందో కొత్తగా చెప్పక్కర్లేదు. కాబట్టి కార్యకర్తలు వెంట వెళ్ళాలి. సంతకం పెట్టేముందు అడగాలి: కోసినరోజే పూడుస్తారా? ఎక్కడి తోలు, ఎక్కడి కండ? ఆ చోటు బలం ఎంత తగ్గుతుంది? పూడ్చే డాక్టరు ఇక్కడ లేకపోతే ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే పంపుతారా?

డబ్బు లేదనే మాటకి కూడా జవాబుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం జాబితాలో క్యాన్సర్ కోత వేరే పద్దు, కండా తోలుతో పూడ్చడం వేరే పద్దు, మైక్రోస్కోపుతో నాళాలు కుట్టి చేసేది ఇంకో పద్దు. పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది. ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ. పేరేదైనా కౌంటరు దగ్గర కూర్చునే మిత్రని "పూడ్చే పద్దు కూడా కలిపి అనుమతి అడిగారా?" అని అడగండి. ఒక్క కోత పద్దుకే కాగితం వెళ్తే, తర్వాత అది వేరే ఖర్చని చెప్పే ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. ఇక పథకాలతో తీరనిది ఒకటుంది. తెలంగాణకి హైదరాబాద్ ఎం.ఎన్.జె., ఉత్తరాంధ్రకి విశాఖ అగనంపూడి ఆసుపత్రి పెద్ద దిక్కు. బస్సులో ఏడెనిమిది గంటలు వచ్చేవాళ్ళున్నారు. జిల్లాకో మెడికల్ కాలేజీ అని ఊరేగించుకుంటున్న ప్రభుత్వాలు ఆ కాలేజీల్లో పూడ్చే డాక్టరు పోస్టులు నింపాలి, మైక్రోస్కోపు పెట్టాలి. ఆపరేషన్ తర్వాత ఆరు వారాల్లోపు కరెంటు మొదలవ్వాలి. అది మళ్ళీ ఆరు వారాలు. గాయం సరిగ్గా మూసుకోకపోతే కరెంటు వెనక్కి పోతుంది, జబ్బు ముందుకొస్తుంది. అన్ని రోజులు పట్నంలో రోగి, తోడున్న మనిషి, ఇద్దరి కూలీ పోతుంది. ఆ కూలీ గురించి మన సంఘాలు అర్జీ పెట్టాలి. ఇంతవరకూ పెట్టినట్టు మాకు తెలీదు.

ఊళ్ళోకి వచ్చాక ఏం జరుగుతోందో కూడా చెప్పకపోతే ఈ రాత సగమే అవుతుంది. టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి మీద మనం పోట్లాడాం, తన్నులు తిన్నాం. కానీ బుగ్గ కోసిన మనిషికి మన పేటలోనే, మన ఇంట్లోనే, వేరే గ్లాసు పెడుతున్నారు. పిల్లల్ని దగ్గరికి పోనివ్వడం లేదు, అంటుకుంటుందని. క్యాన్సర్ అంటుకోదు. ఎంగిలితో రాదు, గ్లాసుతో రాదు, పక్కన కూర్చుంటే రాదు. పెళ్ళికి పిలవడం మానేశారు, చూసినవాళ్ళు అన్నం తినలేరని. వెలి అంటే ఏమిటో తెలిసినవాళ్ళం మనం. దానికి ఇంకో వాడ కట్టబోతున్నామా?

నోట్లో తెల్లమచ్చగానీ ఎర్రమచ్చగానీ, మూడు వారాలైనా మానని పుండుగానీ ఉంటే, కారం తగిలితే మంటగా ఉండి నోరు రోజురోజుకీ తక్కువ తెరుచుకుంటుంటే ఆగొద్దు. పసరు, కాటు, దిష్టి అంటూ రెండు నెలలు పోతే సెంటీమీటరు పుండు బుగ్గంతా అవుతుంది. చిన్న పుండు తీస్తే చిన్న చిల్లు. ముక్కు పక్కన మడతలో ఉండే తోలు ఇంత తిప్పినా పూడిపోతుంది, రొమ్ము జోలికి పోనక్కర్లేదు.

ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చినవాళ్ళు ముక్కు గొట్టం తీసేశాక నోరు బిగుసుకుపోకుండా రోజూ కసరత్తు చెయ్యాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుని అడగండి. ఐసు పుల్లలు కట్టగా చేసి పళ్ళ మధ్య పెట్టుకుని కొంతసేపు ఉంచడం, రెండు మూడు రోజులకోసారి ఇంకో పుల్ల దూర్చడం. కరెంటు పెట్టించుకునే రోజుల్లోనూ, ఆ తర్వాత నెలల తరబడీ మానకూడదు. పుల్లలు కొనక్కర్లేదు. బడి దగ్గరికొచ్చే ఐసుబండి అతన్ని అడిగితే గుప్పెడిస్తాడు, మేం ఇద్దరికి అట్లాగే తెచ్చిచ్చాం.